నోరున్న జీవం

అత్-బాషి అంటే గుర్రం తల.
ఆ తలనే తాడుతో మెలిపెట్టి
నా గుమ్మం దాకా ఈడ్చుకొచ్చాడు ఎసెన్‌కుల్.
"దయ్యం పట్టింది దీనికి.
మనవడి భుజం కొరికింది.
ఆదివారం సంతలో మాంసానికి అమ్మేస్తా.
అందాకా కరవకుండా ఏదో ఒక సూది వెయ్యి."

జేగురు రంగు ఆడగుర్రం, తొమ్మిదేళ్లది.
సూదులు నా దగ్గర ఉన్నాయి.
మత్తు ఉంది.
ఇంకాస్త ఎక్కువైతే చావూ ఉంది.
కిందటేడు ఒక గొర్రెలకాపరి కుక్కకి
ఆ ఇంకాస్త నేనే ఎక్కించాను,
ముట్టుకుంటే మీదపడుతోందని.
పూడ్చేముందు ఎందుకో చెవి మడత విప్పితే
చీములో నాని, నిక్కబొడుచుకుని
గడ్డిముల్లు ఒకటి.
కాపరికి చెప్పలేదు.
ఇవాళ్టికీ చెప్పలేదు.

అందుకే బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను.
"ఏం చేస్తున్నావు?"
చూస్తున్నా.
"చూడ్డానికి కూడా డబ్బులా?"
కనబడ్డదానికి ఇద్దువుగాని.

గంట గడిచింది. కాళ్లు తిమ్మిరెక్కాయి.
గుర్రం నోటినిండా ఎండుగడ్డి తీసుకుంది.
నమిలింది. ఆగింది.
సగం నలిగిన ముద్దని
తెగిన తాడుముక్కలా నేలమీద జారవిడిచింది.
తొట్టి దగ్గర తల కుడికి వాల్చి తాగింది,
చన్నీళ్లు ఎడమ బుగ్గకి తగలకుండా.
కుడివైపు ఎసెన్‌కుల్ టోపీ దులిపినా ఉలకలేదు.
ఎడమవైపు ఒక్క పిచ్చుక లేచిందంతే,
కంటిపైన ఎముక పొడుచుకొచ్చింది,
ముక్కుపుటాలు బిగిశాయి.

నోరులేని జీవం అంటారు.
దీని మాటంతా నోట్లోనే ఉంది.
పంటి బిగువున ఓర్చుకోవాలంటారు.
ఓర్చుకోవాల్సింది ఆ పన్నునే అయితే?

గుర్రం దగ్గరికి ఎడమనుంచే వెళ్లాలని
పిల్లాడికి నేర్పింది తాతే.
పిల్లాడు బుద్ధిగా రోజూ ఎడమనుంచే వెళ్లాడు,
చీలిన దవడపన్ను పక్కకి
కళ్లెం ఇనుము మోసుకుంటూ.

బిష్కెక్ కాలేజీలో
రోగాలకి ఒక మేష్టారు, నడతకి ఒక మేష్టారు.
రెండు గదుల మధ్య పొడుగాటి చలి వరండా.
నా చదువు ఆ వరండాలో జరగాల్సింది.

మత్తిచ్చి, నోటికి చట్రం బిగించి
నలభై నిమిషాలు ఊపితే కదిలింది పన్ను.
అడుగంతా కుళ్లు.
ఎసెన్‌కుల్ అరచేతిలో పెట్టాను.
వాసన చూశాడు.
"నిన్న కొరడాతో దీన్ని..." అని
మిగతాది మింగేశాడు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది.

మూడు వారాలకి మళ్లీ వచ్చాడు.
పుండు మానింది. గడ్డిముద్దలు రాలడం లేదు.
కొరకడం మాత్రం మానలేదు.
పన్ను పీకగలిగాను గానీ
పన్ను నేర్పిన పాఠం
నా పటకారుకి అందేచోట లేదు.

చీటీ రాశాను:
పొద్దున్నే పిల్లాడు ఎడమనుంచి రావాలి.
చేతిలో కళ్లెం ఉండకూడదు.
ఎండురొట్టె ముక్క నేలమీద పెట్టి వెళ్లిపోవాలి.
"రొట్టె నేలమీదా? మా ఇంట్లో కుదరదు."
నిజమే, మా ఇంట్లోనూ కుదరదు.
కొట్టేసి క్యారెట్ అని రాశాను.
"మరి, వెళ్లిపోవడం మందా?"
అసలు మందు అదే.
"ఎన్నాళ్లు?"
ఆ సంగతి గుర్రం చెబుతుంది.

మంచు పడ్డాక ఆ దారినే పోతూ
కంచె దగ్గర ఆగాను.
పిల్లాడు, బెక్‌తుర్, క్యారెట్ పెట్టాడు.
పెదాలతో అంకెలు లెక్కపెట్టుకుంటూ
వెనుదిరిగి నడిచాడు.
గుర్రం అడుగు వెయ్యలేదు.
తల తిప్పలేదు.
ఎడమ చెవి ఒక్కటి
వాడి బూట్ల చప్పుడు వెంట
కొంతదూరం వెళ్లింది.

"ఇవాళా ఏం జరగలేదు" అన్నాడు నన్ను చూసి.

చేతి తొడుగు పళ్లతో లాగి
పుస్తకం తీసి
టైము రాసుకున్నాను.